వారం ఇంజెక్షన్ రాసే డాక్టర్లకు: మందుల చీటీతో పాటు ఇంకో కాగితం కూడా ఇవ్వండి

తెలుగు రాష్ట్రాల్లో బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు రాస్తున్న డాక్టర్లకు, ఆ ఓపీలు నడిపే హాస్పిటళ్ళ యాజమాన్యాలకు నమస్కారం.

మందుల కౌంటర్ల దగ్గర, డైట్ కౌన్సెలింగ్ గదుల్లో, ఇంజెక్షన్ పెన్ను ఎలా పొడుచుకోవాలో నేర్పే బల్లల దగ్గర పనిచేసేవాళ్ళం ఈ లేఖ రాస్తున్నాం. అడిగేది ఒక్కటే. మొదటి చీటీ రాసిన రోజే, మళ్ళీ వచ్చేటప్పుడు ఏం రాసుకోవాలో, ఏం పట్టుకు రావాలో తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి పేషెంటు చేతికివ్వండి.

ఇప్పుడు చాలాచోట్ల "నెల తరవాత రండి" అన్న మాట తప్ప ఇంకేం లేదు. పేషెంటు నెల తరవాత వస్తారు. ఏం వాడుతున్నారమ్మా అంటే "అదేనండీ, పొట్టకేసుకునే సూది" అంటారు. డోసెంత అంటే "యాభై". కడుపులో ఎలా ఉందంటే "కొంచెం గ్యాసండీ". డోసు పెంచాలా, ఉన్నచోటే ఉంచాలా, ఆపాలా అన్నది తేల్చడానికి ఈ మూడు జవాబుల్లో ఒక్కటీ పనికిరాదు. ఉన్న ఐదు పది నిమిషాలూ సంచిలో స్ట్రిప్పులు వెతకడంతోనే అయిపోతాయి. చివరికి బరువు చూసి, తగ్గలేదు కాబట్టి తరవాతి డోసు రాసేస్తారు.

ముందు ఆ "యాభై" సంగతి చూడండి. ఈ వారం ఇంజెక్షన్లలో ఒకటైన మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు చిన్న సీసాల్లో వచ్చింది. 2.5 మి.గ్రా. సీసాలోనూ అర మిల్లీలీటరే, 5 మి.గ్రా. సీసాలోనూ అర మిల్లీలీటరే. ఆ మందును ఇన్సులిన్ సిరంజిలోకి లాగితే రెండు సార్లూ 50 గీత దగ్గరే ఆగుతుంది. అంటే డోసు రెట్టింపైనా పేషెంటు కంటికి కనిపించేది అదే యాభై. ఈ మందుకు యూనిట్ల లెక్క లేదు, ఉన్నది మిల్లీగ్రాముల లెక్కే. ఆ సంగతి చీటీలో మీరు రాస్తారు. కానీ ఇంట్లో సూది వేసే కోడలికో మనవడికో గుర్తుండేది సిరంజి మీది గీతే.

పెన్నులు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. ఇక్కడ అమ్మే మౌంజారో క్విక్‌పెన్‌లో నాలుగు వారాల డోసులుంటాయి. అమెరికాలో వాడే ఒక్కసారి పెన్ను పొడవగానే ఖాళీ. అక్కడున్న పిల్లలు అమ్మానాన్నలకు తెచ్చిచ్చేది చాలాసార్లు ఆ రెండో రకం, దాని మీద జెప్‌బౌండ్ అనో మౌంజారో అనో ఉంటుంది. రెండిట్లోనూ ఉన్నది టిర్జెపటైడ్ అనే మందే. వెగోవీ, ఒజెంపిక్, రైబెల్సస్ బిళ్ళ, ఈ మూడిట్లోనూ ఉన్నది సెమాగ్లుటైడ్ అనే ఇంకో మందు. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు తీరడంతో ఈ పేర్ల చిట్టా ఇంకా పొడుగవుతోంది. షుగరుకు ఒక డాక్టరు రైబెల్సస్, బరువుకు ఇంకో డాక్టరు వెగోవీ రాస్తే, పేర్లు వేరు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వాంతులు మొదలయ్యాక గానీ బయటపడదు.

అందుకే కాగితం మీద మొదటి వరసలో ఇది ఉండాలి: పెట్టె మీద మందు పేరు, ఎన్ని మి.గ్రా., బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఈ నాలుగూ కనిపించేలా ఫోన్లో ఫొటో తీసుకుని రండి. పెన్ను తెస్తే సూది తీసేసి, మూత పెట్టి తేవాలి. సూది తగిలించే ఉంచితే మందు కారుతుంది, గాలి చేరుతుంది, తరవాతి డోసు తక్కువ పడుతుంది. తీసిన సూదుల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలి, చెత్త కవర్లో కాదు.

పెన్ను తెచ్చినప్పుడు ఒక్కసారి మీ ముందో మా ముందో వేసి చూపించమనండి. క్విక్‌పెన్‌కు కొత్త సూది తగిలించాక కొంచెం మందు బయటికి వదిలి చూడకపోవడం, బటన్ నొక్కగానే ఐదారు సెకన్లు ఆగకుండా లాగేయడం, వారం వారం బొడ్డు పక్కన అదే చోట పొడవడం: తప్పులు సాధారణంగా ఈ మూడే. ఇంకోటి కూడా ఉంది, అడిగితే గానీ చెప్పరు. నాలుగు డోసులయ్యాక క్విక్‌పెన్‌లో కొంచెం మందు మిగులుతుంది. అది ఉండాల్సిందే, పారేయాల్సిందే. దాన్ని సిరంజితో లాగి ఐదో డోసుగా వేసుకునేవాళ్ళున్నారు. ఎంత పడిందో చెప్పలేం, శుభ్రత సంగతీ అంతే. అలాగే డబ్బు కలిసొస్తుందని వారానికి బదులు పదిరోజులకోసారి వేసుకునేవాళ్ళు కూడా. దీనికి పేషెంటును కసిరితే పైసారి ఆ మాట చెప్పడం మానేస్తారు. "ఖర్చు భారమై ఎప్పుడైనా మానేశారా?" అని మీరే ముందు అడిగేస్తే నిజం బయటికొస్తుంది.

తేదీలు ఎక్కడ రాసుకోవాలంటే, యాప్‌లూ పుస్తకాలూ అక్కర్లేదు. గోడ మీద తెలుగు క్యాలెండర్ లేని ఇల్లు తక్కువ. తిథి, వర్జ్యం, రాహుకాలం ఉన్న ఆ గడిలోనే ఇంజెక్షన్ వేసుకున్న రోజు డోసు అంకె, పొట్టకు కుడో ఎడమో రాసి సున్నా చుట్టమనండి. వాంతి అయితే అదే గడిలో "వా", మోషన్ అయితే "మో". డాక్టరు దగ్గరికి వచ్చేముందు ఆ పేజీలు ఫొటో తీసుకుంటే చాలు. ఒక్క చూపులో మీకు రెండు సంగతులు దొరుకుతాయి: ఎన్ని డోసులు తప్పాయి, కడుపు బాధ సూది పడ్డ రోజుకు దగ్గర్లో వస్తోందా, వారమంతా ఉంటోందా.

తప్పిన డోసు లెక్క కాగితం మీద అచ్చులో ఉంటేనే మంచిది, నోటిమాట నిలవదు. సెమాగ్లుటైడ్ ఇంజెక్షనైతే తప్పిన రోజు నుంచి 5 రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే వదిలేసి మామూలు రోజుకే వేసుకోవాలి. టిర్జెపటైడ్‌కు ఆ గడువు 4 రోజులు. ఏదైనా సరే, ఒకేసారి రెండు డోసులు వద్దు. వరసగా రెండు వారాలు, అంతకు మించి తప్పితే అదే పెద్ద డోసుతో సొంతంగా మొదలుపెట్టకుండా ముందు ఫోన్ చేయాలి. మొదట్లో నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున ఎక్కించింది కడుపు అలవాటు పడడానికే. టిర్జెపటైడ్ 2.5తో, వెగోవీ 0.25తో మొదలయ్యేది కూడా అందుకే. నెలపాటు మానేస్తే ఆ అలవాటు పోతుంది.

మందు పనిచేయడం లేదని డోసు పెంచే ముందు ఫ్రిజ్ సంగతి అడగండి. వాడని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గోడకు ఆనుకుని గడ్డకట్టిన పెన్ను కరిగాక చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ పారేయాల్సిందే. బయట పెట్టుకోవచ్చని కంపెనీ చెప్పిన రోజుల లెక్క 30 డిగ్రీల లోపు వేడికి మాత్రమే. ఖమ్మంలో, విజయవాడలో మే నెలలో గది లోపలే అంతకన్నా ఎక్కువుంటుంది. బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. బస్సులో ఊరెళ్ళేటప్పుడు ఐస్‌ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, పెన్నుకు నేరుగా తగలకుండా పెట్టుకోవాలి. మొదటిసారి వాడిన తేదీని పెన్ను మీద స్కెచ్ పెన్‌తో రాసేసుకుంటే గొడవ ఉండదు.

ఇక సంచిలోని మిగతా మందులు. పదేసి బిళ్ళలు కత్తిరించి ఇచ్చే అలవాటు మా కౌంటర్లదే. కత్తిరించిన ముక్క మీద పేరు ఉండదు, గడువు తేదీ ఉండదు. అందుకే "మందులన్నీ తెచ్చుకోండి" అంటే చాలదు, పేరున్న స్ట్రిప్పు గానీ బిల్లు గానీ తేవాలని రాయాలి. నొప్పి బిళ్ళలు, ఆయుర్వేదం పొడులు, జిమ్‌లో ఇచ్చిన డబ్బాలు, జుట్టు రాలుతోందని కొన్నవి, అన్నీ తేవాలి.

ఎందుకు తేవాలో కూడా రెండు మాటల్లో చెబితే తెస్తారు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడుతున్న వాళ్ళకు ఈ ఇంజెక్షన్ తోడైతే, పైగా తిండి సగమైతే, షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. మన దగ్గర గ్లిమెపిరైడ్ ఎక్కువగా మెట్‌ఫార్మిన్‌తో కలిసిన బిళ్ళలో ఉంటుంది, పేషెంటు మాత్రం "మెట్‌ఫార్మిన్ ఒక్కటేనండీ" అంటారు. విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ అనే షుగరు బిళ్ళలు ఉంటే అవీ ఈ దారిలోనే పనిచేసేవి, రెండూ కలిపి వాడితే ఒరిగేది పెద్దగా లేదు, ఖర్చు తప్ప. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది. అదే టెల్మిసార్టాన్, అదే నీటి బిళ్ళ, అదే డోసులో సాగుతుంటే పొద్దున్నే మంచం దిగగానే కళ్ళు తిరుగుతాయి. కూర్చుని ఐదు నిమిషాలయ్యాక ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్ళీ చూసి రాసుకు రమ్మనండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది బీపీ మందుల చీటీ మార్చాల్సిన సంగతి.

రైబెల్సస్ వాడేవాళ్ళలో థైరాయిడ్ బిళ్ళ కూడా ఉన్నవాళ్ళకు పొద్దుటి పూట ఒక పంచాయితీ. రెండూ పరగడుపునే. రైబెల్సస్‌ను అర గ్లాసు, అంటే 120 మి.లీ. మించని నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట దేన్నీ ముట్టకూడదు: కాఫీ, టీ, ఇంకో బిళ్ళ, ఏదీ. రెండూ కలిపి మింగేసి, పావుగంటకే కాఫీ తాగేస్తే సెమాగ్లుటైడ్ ఒంటికి పట్టదు. పైగా రైబెల్సస్ వల్ల థైరాయిడ్ మందు ఒంట్లో చేరే మోతాదూ పెరగొచ్చు. ఏది ఎన్ని గంటలకో మీ చేత్తో రాసివ్వండి.

ఆడవాళ్ళను ఒక్క నిమిషమైనా ఒంటరిగా అడగాల్సినవి ఉన్నాయి. టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు, గర్భం రాకుండా వాడే బిళ్ళను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కడుపు మెల్లగా ఖాళీ అవడం వల్ల అది సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. పిల్లల కోసం చూస్తుంటే సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పక్కనున్న అత్తగారో భర్తో జవాబులు చెబుతుంటే ఈ మాట రానే రాదు.

ఇప్పుడు "గ్యాస్". తెలుగులో ఈ ఒక్క మాట వికారాన్నీ మోస్తుంది, మలబద్ధకాన్నీ మోస్తుంది, పాంక్రియాస్ వాపునూ మోస్తుంది. గ్యాసని చెప్పి ఎసిడిటీ బిళ్ళ పాంటాప్రజోల్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళను మేం రోజూ చూస్తాం. కాబట్టి కాగితం మీద గ్యాస్ అన్న మాట వాడకుండా ప్రశ్నలు విడదీయండి. సూది వేసిన ఎన్నో రోజున వికారం? రోజుకు ఎన్ని వాంతులు? నీళ్ళు నిలుస్తున్నాయా? ఆఖరిసారి మోషన్ ఎప్పుడైంది? నొప్పి ఎక్కడ, వేలితో చూపించగలరా? డోసు పెరిగిన కొత్తలో సూది తరవాత ఒకటి రెండు రోజులు వికారం, తేన్పులు మామూలే. ఆ రోజుల్లో బజ్జీలు, బిర్యానీ, కడుపు నిండా తినడం మానేసి, తక్కువ తక్కువగా తింటే చాలామందికి సర్దుకుంటుంది.

కానీ పై కడుపులో పట్టేసి వీపులోకి పాకే నొప్పి, వాంతులతో పాటు, తగ్గకుండా ఉంటే అది అపాయింట్‌మెంట్ దాకా ఆగేది కాదు. ఎమర్జెన్సీకి పోవాలి, పెన్ను చూపించాలి. కుడి పక్క డొక్క కింద నొప్పి, జ్వరం, కళ్ళు పచ్చబడడం పిత్తాశయం రాళ్ళ సంగతి కావచ్చు. బరువు వేగంగా తగ్గేటప్పుడు అవి మామూలు కంటే ఎక్కువ వస్తాయి. చూపు ఉన్నట్టుండి మసకబారితే అదే రోజు కళ్ళ డాక్టరు. వాంతులు, విరేచనాలతో మూత్రం తగ్గి రంగు ముదిరితే కిడ్నీకి దెబ్బ. అలాంటి రోజు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, నీటి బిళ్ళ వేసుకోవాలా వద్దా అని అదే రోజు ఫోన్ చేసి అడగాలి, నొప్పి బిళ్ళలు మాత్రం ముట్టకూడదు. అడగడానికి కాగితం మీద ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి కదా. హాస్పిటల్ బోర్డు మీది నంబరు సరిపోదు.

తిండి గురించి మూడు రోజుల లెక్క చాలు, అందులో ఒకటి ఆదివారమో పండగో అయి ఉండాలి. గ్రాముల్లో అక్కర్లేదు: ఎన్ని ఇడ్లీలు, ఎన్ని గరిటెల పప్పు, గుడ్డు ఉందా లేదా. ఈ మందు వాడుతూ ఆకలి పోయినవాళ్ళ పళ్ళెం సాధారణంగా ఇలా ఉంటుంది: పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు పెరుగన్నం, రాత్రి గ్లాసు మజ్జిగ. అంతా కలిపితే ప్రోటీన్ 20 గ్రాములు కూడా దాటదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికే కిలోకు 0.83 గ్రాములు, అంటే 70 కిలోలుంటే 58 గ్రాములు కావాలి. కాటా మీద కిలోలు దిగుతున్నాయని ఇంటిల్లిపాదీ సంబరపడతారు, కరిగేది కండ అని తెలియక. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా అని అడగండి. కాటా చెప్పనిది అది చెబుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ప్రోటీన్ లెక్క వేరు, వాళ్ళను డైటీషియన్ దగ్గరికి పంపండి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ రోజాలు ఉంటే ముందుగానే చెప్పమనండి, షుగరు మందులు సర్దాలి.

బరువు: పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అదే కాటా, వారానికోసారి. నడుము కొలత అడ్డంగా ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, మామూలుగా గాలి వదిలాక. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు మనవాళ్ళకు హద్దులు.

పరీక్షల చీటీ కూడా మొదటి రోజే ఇచ్చేయండి. రిపోర్టులు లేకుండా వచ్చి, రక్తం ఇచ్చి, మళ్ళీ రేపు రావడమంటే ఊరి నుంచి వచ్చేవాళ్ళకు ఒక రోజు కూలి, రెండు టికెట్లు. పరగడుపు పరీక్షకని గ్లిమెపిరైడ్ మింగి, ఏమీ తినకుండా తెల్లారి బస్సెక్కి, ల్యాబ్ క్యూలో పదకొండింటి దాకా నిలబడితే పడిపోతారు. రక్తం ఇచ్చాకే మందు, వెంటనే టిఫిను, అని రాయండి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) ఒక్కదాన్ని చూసి మురిసిపోవడానికీ లేదు, భయపడడానికీ లేదు. ఐరన్ తక్కువైతే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళకు బీ12 కూడా చూడాలి.

జుట్టు బిళ్ళల సంగతి ఇక్కడ పనికొస్తుంది. బరువు వేగంగా తగ్గితే జుట్టు రాలుతుంది, రాలగానే బయోటిన్ కొంటారు. ఆ బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాల్లో థైరాయిడ్ పరీక్షలైన టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ మందు సరిగ్గా సరిపోతున్న మనిషికి దాన్ని తగ్గించేస్తారు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపమని ఒక్క వరస రాస్తే ఈ బాధ లేదు. షుగరు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కంటి లోపలి పొర ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు, డోసులు పెరగకముందే కళ్ళలో చుక్కలు వేయించుకుని చూపించుకోవాలి. ఆ రోజు బండి నడుపుకుని రావద్దని చెప్పండి.

ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, ఏ రకం, అన్నది ఇంటి దగ్గర పెద్దవాళ్ళను అడిగి రావాల్సిన ప్రశ్న. మెడల్లరీ రకం అయితే ఈ మందులు వాడకూడదు. "ఏమోనండీ, గొంతు ఆపరేషనైంది మా పిన్నికి" దగ్గరే చాలామంది ఆగిపోతారు, పాత రిపోర్టు తెమ్మంటే తెలుస్తుంది.

ఆపరేషన్, ఎండోస్కోపీ, మత్తిచ్చి చేసే పళ్ళ పని, ఏది ఉన్నా ఆ డాక్టరుకు ఆఖరి సూది తేదీ చెప్పాలి. కడుపులో తిండి మిగిలి ఉంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం వారం ముందు ఆపమంది. 2024లో ఆ సంఘమే మరికొన్ని డాక్టర్ల సంఘాలతో కలిసి ఇచ్చిన సలహా, చాలామంది ఆపక్కర్లేదు, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళు 24 గంటలు ద్రవాహారం తీసుకోవాలి అంది. ఎవరిది ఏ పద్ధతైనా ముందు రోజు సాయంత్రం అనుకుంటే లాభం లేదు. సెమాగ్లుటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం, టిర్జెపటైడ్‌కు 5 రోజులు పడుతుంది. రెండు వారాల ముందే మీకు ఫోన్ రావాలి.

ఇంకో చిన్న మాట. మందు పేరు జనరిక్‌లో, చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని అప్పటి భారత వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. ఈ ఇంజెక్షన్ల విషయంలో దాన్ని పాటిస్తే, పైన చెప్పిన రెండు పేర్లూ ఒకే మందూ అన్న తంటా సగం మా కౌంటర్ దగ్గరే తేలిపోతుంది.

కాగితం ఏ4 సైజు ఒక్కటి చాలు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చేవాళ్ళు చదవాలి. ముందు వైపు ప్రమాద లక్షణాలు, ఫోన్ నంబరు, తప్పిన డోసు లెక్క, తేవాల్సినవి. వెనక వైపు 12 వారాలకు 12 వరసలు: తేదీ, మి.గ్రా., కుడి ఎడమ, బరువు, బీపీ, కడుపు సంగతి. అడుగున రెండు గీతలు ఖాళీగా వదిలి "డాక్టరును అడగాలనుకున్నవి" అని రాయండి. ఆ రెండు గీతలూ ఇంటి దగ్గర నింపుకుని వస్తే, గదిలో మీ ఎదుట కూర్చున్నాక మర్చిపోరు. రిసెప్షన్‌లో బీపీ చూసే సిస్టర్ ఆ కాగితం అడిగి తీసుకుని మీ బల్ల మీద పెడితే, మీరు తలెత్తి మొదటి ప్రశ్న అడిగేలోపే సగం జవాబులు మీ ముందుంటాయి.

నమూనా కావాలంటే మీ హాస్పిటల్ ఫార్మసీలో వాళ్ళనే కూర్చోబెట్టి రాయించుకోండి. ఒక మధ్యాహ్నం పని.

ఇట్లు,
మందుల కౌంటర్ల దగ్గర, డైట్, డయాబెటిస్ కౌన్సెలింగ్ గదుల్లో పనిచేసేవాళ్ళం